కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు - మన ఖౌమ్‌కు చూపిన బాట

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన నంద్యాలలోను, ఆళ్ళగడ్డలోను ఒక ముచ్చట తప్పదు. జుమా నమాజు అయి మసీదులోనుంచి బయటికి వచ్చేసరికి అభ్యర్థి గారు మెట్ల దగ్గర నిలబడి ఉంటారు. సలాములు, ముసాఫహాలు అవుతాయి. ఆ పైన ముస్లిముల అభివృద్ధికి తాము ఏమేమి చేయదలచినారో చెప్తారు. షాదీఖానా కట్టిస్తామంటారు. ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ అంటారు. ఈద్గాకు రోడ్డు, ఆడవాళ్ళకు కుట్టు మిషన్లు, పిల్లలకు లోన్లు అంటారు. ఇవి అక్కరలేదని మేము అనము. గోడ లేని ఖబరస్తాన్ ఎట్లుంటుందో మనకు తెలియనిది కాదు. కానీ మన పిల్లలు ఏ తరగతి దాకా చదువుతున్నారు, ఏ తరగతిలో బడి మానేస్తున్నారు అని అడిగే అభ్యర్థి అరుదు. అడగమని ఒత్తిడి చేసే ఓటర్లు ఇంకా అరుదు.

మన నంద్యాల చిన్న నియోజకవర్గం కాదు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 పార్లమెంటు స్థానాలలో 41 కాంగ్రెసుకు పోయినప్పుడు, మిగిలిన ఆ ఒక్కటి మనదే. జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గారిని మనము గెలిపించినాము. ఆయన అదే సంవత్సరం రాష్ట్రపతి అయినారు. 1991 ఉప ఎన్నికలో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారు ఇక్కడినుంచే అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచినారు. ఇంత పెద్ద అభ్యర్థులను చూసిన ఊరు మనది. అయినా మా బడికి వచ్చే పిల్లల ఇళ్ళలోకి పోయి చూస్తే, పది పాసైన తండ్రి ఉన్న ఇల్లు వేళ్ళ మీద లెక్కించవచ్చు. అందుచేత పెద్ద అభ్యర్థి దొరకడం ఒక్కటే మందు కాదని అర్థమవుతున్నది.

మన సంఘం పెద్దలు ఈ సారి సావనీరుకు ఖౌమ్ బాగుకు ప్రజాప్రతినిధి కాదలచినవారు ఏమి చెయ్యాలనే విషయం మీద వ్రాయమన్నారు. మేము ఆలోచించినాము. ఇప్పటి అభ్యర్థుల గురించి వ్రాస్తే ఒకరికి ఇష్టము, ఇంకొకరికి కష్టము. సంఘంలో అన్ని పార్టీల వాళ్ళూ ఉన్నారు. కనుక ఓటు కోసం కాక చదువు కోసం జీవితం వెచ్చించిన ఒక పెద్దమనిషి కథ చెప్పదలచినాము. ఆయన మన ఉమ్మడి కర్నూలు జిల్లా వారే. పేరు అఫ్జలుల్ ఉలమా డాక్టర్ ముహమ్మద్ అబ్దుల్ హఖ్ గారు. అభ్యర్థిని ఏమి అడగాలో, మనల్ని మనము ఏమి అడుక్కోవాలో ఈ కథలోనే ఉన్నది.

ఉర్దూలో పాఠాలు చెప్పే మేము తెలుగులో వ్రాస్తున్నామేమని కొందరు అడగవచ్చు. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు గానీ, ఉర్దూ లిపి చదివేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఈ సావనీరు అమ్మీజాన్‌కు చదివి వినిపించే పిల్లకు తెలుగు అక్షరమే వచ్చు. ఆ పిల్ల కోసమే ఇట్లా వ్రాస్తున్నాము.

ఇద్దరు అబ్దుల్ హఖ్‌లు

ముందుగా ఒక పొరపాటు తీర్చుకుందాము. అబ్దుల్ హఖ్ అనగానే చాలామంది బాబా-ఎ-ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ గారిని అనుకుంటారు. ఆయన ఉత్తర దేశంలో హాపుడ్ వారు. హైదరాబాదు, ఔరంగాబాదులలో పని చేసి, అంజుమన్ తరఖ్ఖీ-ఎ-ఉర్దూను నడిపించి, నిఘంటువులు కూర్చి, 1961లో కరాచీలో మరణించినారు. ఆయనా గొప్పవారే. కానీ కర్నూలులోని ఉర్దూ విశ్వవిద్యాలయానికి పేరు ఆయనది కాదు. అది మన కర్నూలు బిడ్డ పేరు. మా బడిలో పిల్లలను అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది తప్పు చెప్పినారు. ఇద్దరు అసలే చెప్పలేదు. తప్పు పిల్లలది కాదు. మనమే ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కాలం ఎట్లాంటిది

ఆయన జీవితం తెలియాలంటే కర్నూలు ముస్లిముల స్థితి కొంచెం తెలియాలి. కర్నూలు ఒకప్పుడు నవాబుల రాజ్యము. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ గారు ఆయుధాలు పోగు చేస్తున్నారనే నేరం మోపి 1839లో కంపెనీ వారు సైన్యాన్ని పంపినారు. కోట వాళ్ళ చేతికి పోయింది. నవాబును తిరుచిరాపల్లికి తీసుకొనిపోయినారు. 1840లో అక్కడే ఆయన హత్యకు గురైనారు.

నవాబు పోవడంతో పోయింది ఒక్క గద్దె కాదు. ఆ గద్దెను నమ్ముకొని ఉన్న సిపాయిలు, మున్షీలు, జాగీరుదార్లు, వాళ్ళకు సామాను అమ్మేవాళ్ళు, కుట్టేవాళ్ళు, అందరి బ్రతుకుదెరువు పోయింది. దఫ్తరులో ఫారసీ చెల్లని నాణెమైంది. ఇంగ్లీషు, తెలుగు వచ్చినవాళ్ళకు గుమాస్తా పని దొరికింది. మనవాళ్ళు ఆ బడులకు పోవడానికి తటపటాయించినారు. పిల్లవాడు ఇంగ్లీషు చదివితే దీన్ చెడిపోతుందని భయము. కొంతమందికి పాత దర్జా గుర్తుండి, మళ్ళీ అ ఆ లు దిద్దడానికి సిగ్గు. ఆ భయము, ఆ సిగ్గు రెండూ కలిసి రెండు మూడు తరాలను వెనక్కి లాగినాయి. ఇదే సంగతి ఉత్తరాదిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు ముందుగా గ్రహించి 1875లో అలీగఢ్‌లో విద్యాలయం మొదలు పెట్టినారు. అది 1920లో విశ్వవిద్యాలయమైంది. దక్షిణాదిన అటువంటి పని చేసినవారిలో అబ్దుల్ హఖ్ గారిది ముందు వరుస. అందుకే ఆయనను దక్షిణ భారతపు సర్ సయ్యద్ అని పిలుస్తారు.

మదర్సా నుండి ఆక్స్‌ఫర్డ్ దాకా

19వ శతాబ్దం ముగిసి 20వ శతాబ్దం మొదలయ్యే రోజులలో అబ్దుల్ హఖ్ గారు కర్నూలులో పుట్టినారు. అప్పుడు కర్నూలు మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. ఆయన అరబ్బీ చదువులో గట్టి పునాది వేసుకున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం వారి అఫ్జలుల్ ఉలమా పరీక్ష పాసైనారు.

ఈ అఫ్జలుల్ ఉలమా అనేది ఎవరో పొగడి ఇచ్చిన బిరుదు అని మనలో చాలామంది అనుకుంటారు. అది బిరుదు కాదు, పరీక్ష. తెలుగు పండితులకు విద్వాన్ పరీక్ష ఎట్లాగో, ఫారసీకి మున్షీ ఫాజిల్ ఎట్లాగో, అరబ్బీకి అఫ్జలుల్ ఉలమా అట్లాంటిది. మద్రాసు విశ్వవిద్యాలయం నడిపిన ప్రాచ్య భాషా పరీక్షలలో అది ఒకటి. అంటే కష్టపడి చదివి, పరీక్ష హాలులో కూర్చొని వ్రాసి తెచ్చుకున్నది. ఆయన ఆ మాటను తమ పేరుకు ముందు జీవితాంతం ఉంచుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు వచ్చిన తర్వాత కూడా తీసివెయ్యలేదు. మాకు ఇందులో ఒక అర్థం కనబడుతుంది. మౌల్వీ చదువు చిన్నది, ఇంగ్లీషు చదువు పెద్దది అనే తేడా ఆయన పెట్టుకోలేదు.

అరబ్బీ చదువుతో ఆగి ఉంటే ఆయన ఒక మదర్సాలో గౌరవంగా ఉస్తాదుగా ఉండిపోయేవారు. ఆగలేదు. ఇంగ్లీషు చదువులో పైమెట్లు ఎక్కినారు. ఇంగ్లండు పోయి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తెచ్చుకున్నారు. ఆ రోజులలో ఓడ ప్రయాణమే వారాల తరబడి. కర్నూలు గల్లీలలో పుట్టిన ఒక అరబ్బీ విద్యార్థి అంత దూరం పోవడం, పోయి మళ్ళీ తన వాళ్ళ మధ్యకే తిరిగి రావడం, రెండూ గొప్పవే. రెండవది ఇంకా గొప్పది అని మేము అనుకుంటాము.

మద్రాసులో కొలువు

మద్రాసులో గవర్నమెంటు మహమ్మడన్ కాలేజీ అని ఉండేది. ఆర్కాటు నవాబుల కాలం నాటి మదర్సా-ఎ-ఆజం నుండి పెరిగిన విద్యాలయమది. ఆంధ్ర, తమిళ, మలయాళ ప్రాంతాల ముస్లిం పిల్లలు పై చదువుకు అక్కడికి పోయేవారు. అబ్దుల్ హఖ్ గారు ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ అయినారు. తరువాత మద్రాసులో అన్నింటికంటె పేరున్న ప్రెసిడెన్సీ కాలేజీకి కూడా ప్రిన్సిపాల్‌గా పని చేసినారు.

ఇంతటి పదవులు వచ్చినవారు ఊరు మరచిపోవడం మనము చూస్తూనే ఉన్నాము. మన ఊళ్ళోనే చదువుకొని పెద్ద ఉద్యోగం వచ్చిన కొందరు పండుగకు కూడా రారు. వాళ్ళను తప్పు పట్టడం లేదు, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి. కానీ అబ్దుల్ హఖ్ గారు మద్రాసులో కుర్చీలో కూర్చొని కూడా కర్నూలునే తలచుకున్నారు. మద్రాసు దాకా రాలేని పిల్లల సంగతి ఏమి అన్న చింత ఆయన చేసిన పనిలో కనిపిస్తుంది.

1947 - ఉస్మానియా కాలేజీ

అప్పటికి రాయలసీమలో కాలేజీ చదువు అంటే అనంతపురం పోవాలి, లేదా మదనపల్లె పోవాలి. స్తోమతు ఉంటే మద్రాసు. అనంతపురం సర్కారు కాలేజీ 1916లో పెట్టినది. నంద్యాల పిల్లవాడు స్కూలు ఫైనలు అయినాక ఇల్లు వదిలి, బాడుగ గది తీసుకొని, చేతి వంట చేసుకొని చదవాలంటే ఎంతమందికి సాధ్యము? పాసైన పిల్లవాడు కూడా నూనె మిల్లులోనో, ప్రత్తి జిన్నులోనో గుమాస్తాగా చేరిపోయేవాడు. చదువు అక్కడితో ఖతం.

అటువంటి సమయంలో, 1947లో, డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించినారు. హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు విరాళమిచ్చినారు. కాలేజీకి ఆయన పేరే పెట్టినారు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, మన కర్నూలు ఉస్మానియా కాలేజీకి పేరు ఒక్కరిదే గానీ సంస్థలు వేరు. మన కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం క్రింద మొదలైంది.

ఆ సంవత్సరం ఏమి సంవత్సరమో గుర్తు చేసుకోండి. దేశం స్వతంత్రమైంది, అప్పుడే రెండుగా చీలింది. ఉత్తరాదిన రైళ్ళు మనుషులతో పోయి శవాలతో వచ్చినాయి. మరుసటి సంవత్సరం హైదరాబాదులో పోలీసు చర్య జరిగింది. ముస్లిం ఇళ్ళలో ఉండడమా, పోవడమా అనే మాట తప్ప వేరే మాట లేని రోజులు. అటువంటి రోజులలో ఒక మనిషి ఇటుకలు, సున్నము, బెంచీలు, నల్లబల్లల సంగతి ఆలోచించినారు. కాలేజీ కట్టేవాడు ఊరు విడిచి పోయేవాడు కాదు. మేము ఇక్కడే ఉంటాము, మా పిల్లలు ఇక్కడే చదువుతారు, ఇక్కడే ఉద్యోగాలు చేస్తారు అనే మాట ఆయన నోటితో కాక గోడలతో చెప్పినట్టయింది. వెయ్యి ఉపన్యాసాలు ఇవ్వలేని ధైర్యం ఆ గోడలు ఇచ్చినాయి.

ఇంకొక సంగతి మరవరాదు. ఆ కాలేజీ ముస్లిముల చేతి మీదుగా లేచింది గానీ ముస్లిముల ఒక్కరికే కాదు. అన్ని కులాల, మతాల పిల్లలు అక్కడ చదివినారు, ఇప్పుడూ చదువుతున్నారు. మన జిల్లాలో ఎంతో మంది రెడ్లు, శెట్లు, దళితులు తాము ఉస్మానియాలో చదివినామని చెప్పుకుంటారు. మన సీమలో ఇది కొత్త గుణం కాదు. ఆళ్ళగడ్డ పక్కన ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు 1866 కరువులో ఆకలితో వచ్చినవాడి కులం అడగకుండా గంజి పోయించినారు. అన్నదానం అట్లా ఉంటే, విద్యాదానం కూడా అట్లాగే ఉండాలి కదా.

నంద్యాల నుండి కర్నూలుకు అప్పుడు రైలులో పోవాలంటే ద్రోణాచలంలో దిగి ఇంకో బండి ఎక్కాలి. ఆళ్ళగడ్డ వాళ్ళకు ఆ రైలూ లేదు, రోడ్డు మీద పోయే బస్సే గతి. అయినా అనంతపురం, మద్రాసులతో పోలిస్తే కర్నూలు మన గడప ముందే ఉన్నట్టు. శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి, ఆదివారం రాత్రికి రొట్టెలు, ఊరగాయ మూట కట్టుకొని పోయే దూరం. ఆ దూరమే చాలామందిని చదివించింది.

ఒక్క కాలేజీతో ఆగలేదు

1948లో మద్రాసులోని గవర్నమెంటు మహమ్మడన్ కాలేజీ అందరికీ చెందిన గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీగా మారింది. సర్కారు నిర్ణయం అది. ముస్లిం పిల్లలకని ప్రత్యేకంగా ఉన్న పెద్ద ఆధారం పోయింది. పోయిందని ఏడుస్తూ కూర్చోకుండా, మన సొమ్ముతో మనమే కట్టుకుందామని దక్షిణాది ముస్లిం పెద్దలు లేచినారు. రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు స్థాపించుకొని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీద ఉండకుండా పనిలోకి తెచ్చినవారిలో అబ్దుల్ హఖ్ గారు ఒకరు.

1951లో మద్రాసు రాయపేటలో దక్షిణ భారత ముస్లిం విద్యా సంఘం వారు న్యూ కాలేజీ తెరిచినారు. దాని వెనుక అబ్దుల్ హఖ్ గారి శ్రమ చాలా ఉన్నది. అదే సంవత్సరం తిరుచిరాపల్లిలో జమాల్ మహమ్మద్ కాలేజీ వచ్చింది. అంతకు ముందు 1948లో కేరళలో ఫరూఖ్ కాలేజీ వచ్చింది. వీటికి కూడా ఆయన ప్రోత్సాహము, సలహా అందినాయి. తోళ్ళ వ్యాపారులు, సాహుకార్లు డబ్బు పెట్టినారు. డబ్బున్న వాళ్ళకు కాలేజీ నడపడం తెలియదు. నడపడం తెలిసినవాళ్ళ దగ్గర డబ్బు లేదు. ఈ రెండు చేతులను కలిపే మనిషి కావాలి. ఆ పని అబ్దుల్ హఖ్ గారు చేసినారు.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ప్రో వైస్ ఛాన్సలరుగా కూడా ఆయన పని చేసినారు. సర్ సయ్యద్ గారు వేసిన చెట్టు నీడకు మన కర్నూలు మనిషి చేరినారు. ఆ పైన మద్రాసు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో సభ్యులైనారు. ఉద్యోగాలకు మనుషులను ఎంచే చోట కూర్చొన్నారు. మా పిల్లలకు ఉద్యోగాలు రావడం లేదు అన్న మొర అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. అర్జీ పెట్టేవాళ్ళలో అర్హత గలవాళ్ళు ఉంటేనే కదా ఎంచుకునేది? ఆ అర్హత తయారయ్యే చోట్లు కట్టడానికే ఆయన జీవితమంతా పోయింది.

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. రాజధాని వచ్చిపోయింది గానీ కాలేజీ నిలబడింది. 1958లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కన్ను మూసినారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అరవై ఏళ్ళు కూడా నిండని ఆయుస్సు. ఆ కొద్దిపాటి కాలంలో ఇన్ని పనులు.

ఆయన పనులలో మాకు కనిపించినవి

ఆయన ఖౌమ్ అభివృద్ధికి ఏమి అవసరమనుకున్నారో ఆయన పనులే చెప్తాయి. మాకు నాలుగు సంగతులు తోచినాయి.

ఒకటి, దీన్ చదువు, దునియా చదువు వేరు వేరు గల్లీలు కావు. అఫ్జలుల్ ఉలమా, ఆక్స్‌ఫర్డ్ డాక్టరు ఒకే మనిషి. మదర్సాకు పంపేవాడు బడి మాన్పించవలసిన పని లేదు, బడికి పంపేవాడు ఖురాన్ మాన్పించవలసిన పని లేదు.

రెండు, సర్కారును అడగవలసింది అడగాలి, మన వంతు మనము వెయ్యాలి. పాత కాలేజీ పోయినప్పుడు అర్జీలతోనే సరిపెట్టుకొని ఉంటే న్యూ కాలేజీ వచ్చేది కాదు.

మూడు, మనము కట్టిన బడి తలుపు అందరికీ తెరిచి ఉండాలి. అట్లా ఉంటేనే ఊరు దాన్ని తనదనుకుంటుంది, కాపాడుతుంది.

నాలుగు, చదువు ఇంటికి దగ్గరగా రావాలి. ఇది మాకు అన్నింటికంటె ముఖ్యంగా కనిపిస్తుంది. ఎందుకో చెప్తాము.

ఒక పిల్ల సంగతి

చాలా ఏళ్ళ క్రితం, మేము ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, ఏడవ తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి బేల్దారి పని. లెక్కలలో ఆ పిల్లకు సాటి లేదు. మేము బోర్డు మీద వేసిన తప్పు కూడా లేచి చెప్పేది. ఏడు అయింది. హైస్కూలు దూరము. అక్కడ ఉర్దూలో సైన్సు, లెక్కలు చెప్పే పోస్టులు ఖాళీ. మేము ఇంటికి పోయినాము. తండ్రి చాయ్ ఇప్పించి, మర్యాదగా కూర్చోబెట్టి, బాకు పంపడం కుదరదన్నాడు. దూరమని ఒక కారణం, చెప్పేవాళ్ళు లేనప్పుడు పోయి ఏమి లాభమని రెండవ కారణం. మొదటిదానికి మేము జవాబు చెప్పినాము. రెండవదానికి మా దగ్గర జవాబు లేకపోయింది. తల వంచుకొని వచ్చేసినాము.

రెండేళ్ళ క్రితం ఒక తల్లి తన కూతురిని ఒకటవ తరగతిలో చేర్పించడానికి వచ్చింది. మేము గుర్తు పట్టలేదు, ఆమే గుర్తు పట్టింది. ఫారం తానే నింపింది. సంతకం చేసి, సార్, దీన్ని మాత్రం పదవ తరగతి దాకా తప్పకుండా చదివిస్తానని చెప్పింది. మాకు సంతోషమూ అయింది, సిగ్గూ అయింది. ఆ లెక్కల పిల్ల ఇప్పటికి ఏ బడిలోనో లెక్కల టీచరుగా ఉండవలసింది. అప్పుడు మా బడికి ఆ ఖాళీ పోస్టు కూడా ఉండేది కాదేమో.

మర్హూమ్ గారి కాలంలో కాలేజీలు వచ్చినాయి గానీ క్రింది మెట్లు, ముఖ్యంగా ఆడపిల్లల మెట్లు, బలంగా కట్టుకోలేదని కూడా ఒప్పుకోవాలి. మద్రాసులో జస్టిస్ బషీర్ అహ్మద్ సయీద్ గారి శ్రమతో 1955లో ఎస్.ఐ.ఇ.టి. మహిళా కళాశాల వచ్చింది. మన ఊళ్ళకు ఆ గాలి చాలా ఆలస్యంగా తగిలింది. పై అంతస్తు ఎంత బాగున్నా, ఏడవ మెట్టు దగ్గర నిచ్చెన విరిగితే ఎక్కేదెవరు?

ఇప్పటి లెక్క

2006లో జస్టిస్ రాజిందర్ సచార్ గారి కమిటీ దేశంలోని ముస్లిముల స్థితి మీద నివేదిక ఇచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశమంతటా అక్షరాస్యత 64.8 శాతముంటే ముస్లిములలో 59.1 శాతమే అని అందులో చూపించినారు. మన రాష్ట్రంలో 2007 నుండి వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ క్రింద 4 శాతం రిజర్వేషను వచ్చింది. దానితో మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అయినారు. అది మేలు. కానీ రిజర్వేషను సీటు ఇంటరు పాసైన పిల్లకే కదా దొరికేది. ఏడులో మానిన పిల్లకు నాలుగు శాతం ఉన్నా ఒకటే, నలభై శాతం ఉన్నా ఒకటే.

2016లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట ఆయన స్థాపించిన ఉస్మానియా కాలేజీ ఆవరణలోనే తరగతులు పెట్టినారు. సొంత స్థలం ఓర్వకల్లు దగ్గర. మనము నంద్యాల నుండి కర్నూలు పోయే దారిలోనే. బస్సులో పోతున్నప్పుడు పిల్లలకు చూపించండి, ఆయన కథ చెప్పండి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా కూడా 2022లోనే చట్టమైంది. విశ్వవిద్యాలయం ఉన్నది, జిల్లా ఉన్నది, చట్టం ఉన్నది. వీటికి తగ్గ పిల్లలను హైస్కూలు దాటించడం మన వంతు.

అభ్యర్థికీ, మనకూ

కనుక ఈసారి అభ్యర్థి గారు మసీదు మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు, ఏ పార్టీ వారైనా సరే, ముసాఫహా చేసి, చాయ్ ఇప్పించి, మూడు ప్రశ్నలు అడుగుదాము. నంద్యాల, ఆళ్ళగడ్డలలో ఉర్దూ మీడియం హైస్కూళ్ళలో ఖాళీగా ఉన్న సైన్సు, లెక్కల పోస్టులు ఎన్ని, ఎప్పటికి నింపుతారు? దూరపు పేటల నుండి వచ్చే ఆడపిల్లలకు బడి వేళకు బస్సు ఎట్లా? మన వక్ఫ్ ఆస్తుల ఆదాయంలో చదువుకు ఎంత పోతున్నది, లెక్క ఎవరు చూపిస్తారు? జవాబు వ్రాసి పెట్టుకుందాము. అయిదేళ్ళ తర్వాత అదే మెట్ల దగ్గర చదివి వినిపిద్దాము. కోపంతో కాదు, అదబ్‌తోనే.

మనల్ని మనము కూడా అడుక్కోవాలి. పెండ్లికి ముప్పై రకాల వంటలు పెట్టి, అప్పు తీర్చడానికి కొడుకును మెకానిక్ షెడ్డులో వేస్తున్నామా లేదా? జకాత్ ఇచ్చేటప్పుడు, తలా ఒక చీర ఇచ్చి సరిపెట్టుకోకుండా, హక్కుగల ఒక పేద పిల్ల ఏడు నుండి పది దాకా చదవడానికి పూర్తిగా ఇస్తున్నామా? మన సంఘం సభ్యులు ఇంటికి ఒక్కరు చొప్పున, బడి మానేసే పిల్ల ఉన్న ఒక్క ఇంటికి పోయి కూర్చుంటే చాలు. మేము ఒంటరిగా పోయి తల వంచుకొని వచ్చినాము. పదిమంది పోయి ఉంటే ఆ తండ్రి కాదనేవాడు కాడేమో. అతని రెండవ కారణానికి కూడా పదిమంది కలిసి జవాబు తెచ్చి ఉండేవాళ్ళమేమో.

డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరు మీద సభలు పెట్టి పూలమాలలు వేయడం సులభము. ఆయన చేసినది చిన్న ఎత్తున మన పేటలో చేయడం కష్టము. ఆ కష్టమైన దానినే ఈ సంవత్సరం మన సంఘం ఎత్తుకోవాలని మా మనవి. అల్లాహ్ తఆలా మర్హూమ్ గారికి మగ్‌ఫిరత్ ప్రసాదించి, జన్నత్‌లో ఉన్నత స్థానం ఇవ్వుగాక. మన బిడ్డలకు ఇల్మ్, మనకు దాని కోసం కలిసి నడిచే తౌఫీఖ్ ఇవ్వుగాక. ఆమీన్.